ఒక్కసారే వచ్చే పరీక్ష



ఈరోజు నా మాటలు ముఖ్యంగా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ఇంటర్, డిగ్రీ, ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లల కోసం. వాళ్ల అమ్మానాన్నల కోసం కూడా.

విమానం నడపాలన్న కోరిక మన ఊళ్ల పిల్లల్లో బాగా కనబడుతోంది. అందులో ఆశ్చర్యం లేదు. దేవనహళ్లిలో 2008లో పెద్ద విమానాశ్రయం మొదలైంది. అది మనకు హైదరాబాదు కంటే, విజయవాడ కంటే ఎంతో దగ్గర. పుట్టపర్తిలో 1990 నుంచి విమానాశ్రయం ఉంది. యెలహంకలో రెండేళ్లకోసారి వైమానిక ప్రదర్శన జరుగుతుంది. ఇవన్నీ చుట్టూ ఉన్నప్పుడు పిల్లల చూపు పైకి పోవడం సహజం.

ఆ పిల్లలు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు. ఏ గ్రూపు తీసుకోవాలి? ఏ ప్రవేశ పరీక్ష రాయాలి? ఎంత ఖర్చవుతుంది? వీటికి జవాబు చెప్పేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. నాలుగో ప్రశ్న ఒకటుంది. మార్కులు సరే, ఈ మనిషి విమానం నడపడం నేర్చుకోగలడా లేదా అన్నది ముందుగానే ఎట్లా కనిపెడతారు? దానికి నేనెట్లా తయారు కావాలి? ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. చాలామంది అడగకుండానే పరీక్ష గదిలోకి పోతారు. ఈ ప్రసంగం ఆ నాలుగో ప్రశ్న గురించే.

ఆ పరీక్షను పైలట్ ఆప్టిట్యూడ్ టెస్ట్ అంటారు. అది ఎందుకు పుట్టిందో ముందు తెలుసుకుందాం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో శత్రువు చేతిలోనే కాదు, శిక్షణలో జరిగిన ప్రమాదాల్లోనూ ఎందరో యువకులు చనిపోయారు. ఆరోగ్యం, ధైర్యం, చదువు అన్నీ ఉన్నవాళ్లు కూడా కొందరు విమానం నడపలేకపోయారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి అమెరికా సైన్యం ఈ పనిని మనస్తత్వ శాస్త్రవేత్తలకు అప్పగించింది. జాన్ ఫ్లానగన్ నాయకత్వంలో 1941లో ఆ కార్యక్రమం మొదలైంది. రాత పరీక్షలు, యంత్రాల మీద చేతి పరీక్షలు పెట్టి, అన్నీ కలిపి ఒకటి నుంచి తొమ్మిది వరకు ఒక అంకె ఇచ్చేవారు. ఆ అంకెను నమ్మవచ్చా అని తేల్చుకోవడానికి 1943లో వెయ్యిమందికి పైగా అభ్యర్థులను ఏ అంకె వచ్చిందన్నది పట్టించుకోకుండా శిక్షణకు పంపి చూశారు. తక్కువ అంకె వచ్చినవారిలో చాలా ఎక్కువమంది మధ్యలోనే ఆగిపోయారు. ఎక్కువ అంకె వచ్చినవారిలో అధికభాగం నెగ్గుకొచ్చారు. అప్పటినుంచి ప్రపంచంలో పైలట్లను ఎంచుకునే చాలాచోట్ల ఏదో ఒక రూపంలో ఈ పరీక్ష ఉంటూనే ఉంది.

మన దేశంలో దీన్ని రెండు దారుల్లో ఎదుర్కోవాలి. ఒకటి వాయుసేన దారి, రెండోది పౌర విమానాల దారి.

వాయుసేనలో పైలట్ కావాలంటే ఇంటర్ తరువాత ఎన్.డి.ఎ. పరీక్ష ఉంది. డిగ్రీ తరువాత ఆఫ్‌కాట్ ఉంది. రెండూ ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి. కాలేజీలో ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో చేరి సి సర్టిఫికెట్ తెచ్చుకున్నవారికి వేరే ప్రవేశం ఉంది. ఏ దారిన పోయినా వాయుసేన ఎంపిక మండలి ముందుకు పోవాలి. అట్లాంటి మండళ్లలో మనకు దగ్గరిది మైసూరులో ఉంది. అక్కడ రోజుల తరబడి మానసిక పరీక్షలు, బృందంతో చేసే పనులు, ఇంటర్వ్యూ ఉంటాయి. పైలట్ శాఖ కోరుకున్నవారికి వీటితోపాటు కంప్యూటర్ మీద జరిగే పైలట్ ఎంపిక పరీక్ష ఉంటుంది. దాన్ని సి.పి.ఎస్.ఎస్. అంటారు. పూర్వం పి.ఎ.బి.టి. అనే పరీక్ష ఉండేది, దాని స్థానంలో ఇది వచ్చింది. దీన్ని తయారుచేసింది మన రక్షణ పరిశోధన సంస్థ డి.ఆర్.డి.ఒ. ఢిల్లీలోని దాని మనస్తత్వ పరిశోధన సంస్థ, బెంగళూరులోని ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్ కలిసి రూపొందించాయి. అంటే హిందూపురం నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్రయోగశాల మన పిల్లల చేతివేగాన్ని, చూపుని కొలిచే యంత్రాన్ని తయారు చేసిందన్న మాట.

ఈ పరీక్షకు ఒక నియమం ఉంది. దయచేసి దీన్ని గుర్తుపెట్టుకోండి. ఇందులో తప్పినవారికి వాయుసేన పైలట్ శాఖకు మళ్లీ అవకాశం ఉండదు. ఎన్.డి.ఎ. రాత పరీక్ష తప్పితే మళ్లీ రాయవచ్చు. ఇంటర్వ్యూలో ఎంపిక కాకపోతే వయసు ఉన్నంతకాలం మళ్లీ పోవచ్చు. ఈ యంత్రం ముందు మాత్రం ఒక్కసారే కూర్చుంటాం. ఇంత పెద్ద సంగతి తెలియకుండా, ఎట్లా ఉంటుందో చూసొద్దామని పోయే పిల్లలున్నారు. అట్లా పోకూడదు. చూసి రావడానికి పోయే పరీక్ష కాదిది.

రెండోది పౌర విమానాల దారి. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. 200 గంటలు విమానం నడపాలి. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ పెట్టే నావిగేషన్, వాతావరణం, నిబంధనలు, సాంకేతిక విషయాల పరీక్షలు పాసవ్వాలి. శిక్షణ సంస్థలు చాలా ఉన్నాయి. ప్రభుత్వ సంస్థల్లో పెద్దది ఉత్తరప్రదేశ్‌లో రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ. అక్కడ ప్రవేశానికి రాత పరీక్ష తరువాత ఇంటర్వ్యూ, ఆప్టిట్యూడ్ పరీక్ష ఉంటాయి. విమాన కంపెనీలు సొంతంగా నడిపే కేడెట్ పథకాల్లోనూ కంప్యూటర్ మీద ఇట్లాంటి పరీక్షలే పెడతారు. పేర్లు వేరు, తెరలు వేరు. చూసేది దాదాపు ఒకటే.

ఏం చూస్తారు? దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. మీ చూపుని, మీ ధ్యాసని ఒకేసారి ఎన్ని పనులకు పంచగలరో, పంచినా ఏదీ చెడకుండా ఎంతసేపు నిలపగలరో చూస్తారు. కళ్లు తెర మీది చుక్కను వెంబడించాలి. చేతులు, కాళ్లు దాన్ని మధ్యలో నిలపాలి. చెవిలో అంకెలు వినబడుతుంటే గుర్తుపెట్టుకోవాలి. మధ్యలో ఒక దీపం వెలిగితే వెంటనే బటన్ నొక్కాలి. విడివిడిగా ఇవన్నీ తేలికే. ఒకేసారి చేయమన్నప్పుడే మనిషి తడబడతాడు.

ధర్మవరం పిల్లలకు ఇది ఎట్లాంటి నైపుణ్యమో నేను వివరించనక్కరలేదు. ఇంట్లో పట్టుచీర నేసే మగ్గం ముందు నిలబడి చూడండి. కాళ్లు తొక్కుడు మీద ఉంటాయి. ఒక చేయి నాడెను పంపుతుంది. రెండో చేయి పోగును దగ్గరికి బిగించి కొడుతుంది. చూపు అంచు మీద, బుటా మీద, తెగబోయే పోగు మీద తిరుగుతూ ఉంటుంది. నేసే అక్క మీతో మాట్లాడుతూనే ఉంటుంది, లెక్క తప్పదు. ఆమెకు ఆ నేర్పు పుట్టుకతో రాలేదు. మొదట్లో కాలు కదిలితే చేయి ఆగింది, చేయి కదిలితే పోగు తెగింది. రోజూ చేయగా చేయగా కాళ్ల పని కాళ్లకు తెలిసిపోయింది, ధ్యాస అంచు మీదికి చేరుకుంది. ఆప్టిట్యూడ్ పరీక్ష వెతికేది ఆ గుణాన్నే. కింది పనులు అలవాటులోకి దిగిపోతే పై పనికి ధ్యాస మిగులుతుంది. అందుకే నేను గట్టిగా చెబుతున్నాను: ఇది పట్నం పిల్లల సొత్తు కాదు, డబ్బున్నవాళ్ల సొత్తు అంతకన్నా కాదు. మగ్గం ఉన్న ఇంట్లో పెరిగిన పిల్లలు ఈ నైపుణ్యాన్ని కళ్లారా చూస్తూ పెరిగారు.

ఇక తయారీ సంగతి. మొదట లెక్కలతో మొదలుపెడదాం. కాగితం, క్యాలిక్యులేటర్ లేకుండా చేసే లెక్కలివి. కావలసిన సరంజామా మన మూడు ఊళ్లే.

ఒక మ్యాపు తీసుకుని హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలను స్కేలుతో కలపండి. మూడు ఊళ్లూ దాదాపు ఒకే గీత మీద పడతాయి. హిందూపురం నుంచి పెనుకొండకు గీత మీద సుమారు 30 కిలోమీటర్లు. పెనుకొండ నుంచి ధర్మవరానికి మరో 40. రోడ్డు దూరం ఇంతకంటే ఎక్కువ, విమానానికి మలుపులు ఉండవు కదా. ఆ గీత దిక్కు ఉత్తరానికి కొంచెం తూర్పుగా ఉంటుంది, డిగ్రీల్లో సుమారు 020. విమానాల్లో దిక్కుల్ని ఇట్లాగే చెబుతారు. ఉత్తరం సున్నా, తూర్పు 090, దక్షిణం 180, పడమర 270. ఇప్పుడు చిన్న శిక్షణ విమానం 100 నాట్ల వేగంతో పోతోందనుకోండి. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, కాబట్టి గంటకు 185 కిలోమీటర్లు, నిమిషానికి 3 కిలోమీటర్ల కంటే కొంచెం ఎక్కువ. హిందూపురం మీదుగా బయలుదేరితే పెనుకొండ మీదికి ఎప్పుడు వస్తారు? సుమారు 10 నిమిషాలకు. ధర్మవరం? మొత్తం 23 నిమిషాలు. ఇంజను గంటకు 30 లీటర్లు తాగితే నిమిషానికి అరలీటరు. అంటే పదకొండున్నర లీటర్లు. వెనక్కి రావాలంటే ఏ దిక్కు? 020కి 180 కలిపితే 200.

ఇంకో అడుగు ముందుకు పోదాం. ధర్మవరం వైపు పోతూ పెనుకొండ మీద ఉన్నారు. పుట్టపర్తి మీకు ఏ వైపున ఉంటుంది? కుడిచేతి వైపు, ముందుగా. తిరుగు ప్రయాణంలో పెనుకొండ మీదికి వచ్చేసరికి? ఎడమచేతి వైపు, వెనకగా. ఈ జవాబు చెప్పడానికి మ్యాపు తిప్పాల్సి వస్తే ఇంకా సాధన కావాలన్న మాట. మ్యాపు కదలకుండా మనసులోనే తిప్పగలిగితే దిక్కుల జ్ఞానం కుదిరినట్టు. పరీక్షలో అడిగే బొమ్మలన్నీ చివరికి దీన్నే అడుగుతాయి.

ఇప్పుడు గాలిని కలుపుదాం. పోయేటప్పుడు 20 నాట్ల ఎదురుగాలి. వేగం 80 నాట్లకు తగ్గుతుంది, 70 కిలోమీటర్లకు 28 నిమిషాల పైన పడుతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది, వేగం 120 నాట్లు, 19 నిమిషాలు. పోతూ పోగొట్టుకున్నది వస్తూ దొరుకుతుందని అనుకుంటాం. దొరకదు. గాలి లేకపోతే రానూపోనూ 45 నిమిషాలు, గాలి ఉంటే 47 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, అనుకూలమైన గాలిలో తక్కువసేపు ఉంటాం, అదీ కారణం. ఇట్లాంటి లెక్కలు నడుస్తూ, బస్సులో కూర్చుని, నోటితో చేయండి. వేగం, దూరం, కాలం, ఇంధనం. ఈ నాలుగూ మాత్రమే మార్చి మార్చి అడుగుతారు.

రెండోది, మీటర్లు చదవడం. విమానం ముందు భాగంలో ఆరు ముఖ్యమైన మీటర్లుంటాయి. వేగం, ఎత్తు, దిక్కు, పైకి లేస్తున్నామా దిగుతున్నామా అన్నది, మలుపు, వాలు. ఎత్తు చూపే ఆల్టిమీటర్‌కి గడియారంలాగా ముళ్లుంటాయి. పొడుగు ముల్లు వందల అడుగులు చూపుతుంది, పొట్టి ముల్లు వేల అడుగులు చూపుతుంది. పొట్టి ముల్లు 3కీ 4కీ మధ్య, పొడుగు ముల్లు 5 మీద ఉంటే 3,500 అడుగులు. ఇక్కడ ఒక మెలిక. ఆ ఎత్తు మామూలుగా సముద్రమట్టం నుంచి. హిందూపురం నేలే సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తులో, అంటే 2,000 అడుగులకు పైన ఉంది. కాబట్టి హిందూపురం మీద మీటరు 3,500 చూపుతుంటే మీరు నేలకు సుమారు 1,500 అడుగుల ఎత్తులోనే ఉన్నారు. పెనుకొండ కొండలు ముందున్నాయని తెలిసిన పైలట్ ఆ తేడాను క్షణం కూడా మరిచిపోడు.

వాలు చూపే మీటరు కొత్తవాళ్లను ఎక్కువ తికమక పెడుతుంది. అందులో పైన నీలం, కింద గోధుమ రంగు, మధ్యలో ఒక గీత. నీలం ఆకాశం, గోధుమ రంగు నేల, గీత దిగంతం. విమానం కుడివైపు వాలితే గీత కుడి చివర పైకి లేస్తుంది. ముక్కు పైకెత్తితే గీత కిందికి దిగుతుంది. ఎందుకని? విమానం లోపల కూర్చున్నవాడికి తాను నిటారుగా ఉన్నట్టే ఉంటుంది, లోకం వాలినట్టు కనబడుతుంది. ఈ ఒక్క ముక్క అర్థం చేసుకుంటే, మీటరు చూసి విమానం బొమ్మను గుర్తించమనే ప్రశ్నల్లో తప్పు రాదు. బట్టీ పడితే మాత్రం తడబడినప్పుడల్లా కుడి ఎడమలు తారుమారవుతాయి.

మూడోది, చేతులూ కాళ్లూ. కంట్రోల్ స్టిక్‌ను వెనక్కి లాగితే ముక్కు పైకి లేస్తుంది, ముందుకు తోస్తే కిందికి దిగుతుంది. ఎడమకాలితో రడ్డర్ పెడల్ తొక్కితే ముక్కు ఎడమకు తిరుగుతుంది. ఇంటి దగ్గర కంప్యూటర్ ఉంటే మామూలు జాయ్‌స్టిక్ కొనుక్కుని ఫ్లైట్ సిమ్యులేటర్ ఆట ఆడుకోవచ్చు. ఖరీదైనది అక్కర్లేదు. లేకపోయినా ఫరవాలేదు. కంప్యూటర్ సెంటర్‌లో కూర్చోవచ్చు, స్నేహితులతో కలిసి కొనుక్కోవచ్చు. సాధన చేసేటప్పుడు ఒక సూత్రం పాటించండి. చుక్క పక్కకు పోయిందని స్టిక్‌ను గట్టిగా లాగకండి. కొంచెం కదిలించండి, మధ్యకు తీసుకురండి, ఫలితం చూడండి, మళ్లీ కొంచెం కదిలించండి. కంగారుగా లాగినవాడు చుక్కను ఒక అంచు నుంచి రెండో అంచుకు తరుముతూనే ఉంటాడు. నిజమైన విమానంలోనూ ఇదే జరుగుతుంది. శిక్షకుడు మొదటి రోజుల్లో ఎక్కువగా చెప్పే మాట కూడా ఇదే: పట్టు సడలించు.

నాలుగోది చెవి. పరీక్షలోనూ, ఆ తరువాత రేడియోలోనూ అంతా ఇంగ్లిషులోనే నడుస్తుంది. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఇక్కడే దిగులు. ఆ దిగులు వదిలిపెట్టండి. విమానాల ఇంగ్లిషు చాలా చిన్న భాష. కొన్ని వందల మాటలు, కట్టుదిట్టమైన వాక్యాలు. అక్షరాల్ని ఆల్ఫా, బ్రావో, చార్లీ అని పలుకుతారు. తొమ్మిదిని నైనర్ అంటారు, గరగరలాడే రేడియోలో ఇంకో అంకెతో కలిసిపోకూడదని. దిక్కు, ఎత్తు, వేగం, ఫ్రీక్వెన్సీ ఒక్క ఊపిరిలో చెబుతారు, మీరు తిరిగి చెప్పాలి. దీనికి పైసా ఖర్చులేని సాధన ఉంది. రేడియోలో ఇంగ్లిషు వార్తలు వినండి. వార్తల్లో వచ్చిన అంకెలన్నీ రాసుకోండి. అది అలవాటైన తరువాత, రాయకుండా గుర్తుపెట్టుకుని వార్తలయ్యాక చెప్పండి. ఆ తరువాత ఇంకేదైనా పని చేస్తూ వినండి. స్నేహితుడు ఆరు అంకెలు చదువుతాడు, మీరు వెనకనుంచి ముందుకు చెప్పండి. రోజూ 20 నిమిషాలు చాలు. వారానికి ఒకరోజు మూడు గంటలు చేసేకంటే రోజూ 20 నిమిషాలు చేయడం ఎంతో మేలు.

ఐదోది స్వభావ ప్రశ్నలు. కొన్ని పరీక్షల్లో మీ గురించి వందలకొద్దీ చిన్న ప్రశ్నలుంటాయి. ఏం చెబితే నచ్చుతుందో ఊహించి చెప్పకండి. అదే విషయాన్ని మాటలు మార్చి మళ్లీ అడుగుతారు, పొంతన కుదరకపోతే బయటపడుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పైలట్ వృత్తికి నిజాయితీ అలంకారం కాదు. తన తప్పును తానే ఒప్పుకుని వెంటనే చెప్పే మనిషి చేతిలోనే విమానం క్షేమంగా ఉంటుంది.

ఇప్పుడు తల్లిదండ్రులు శ్రద్ధగా వినాలి. ఏ సంస్థకైనా రూపాయి కట్టకముందు చేయవలసిన మొదటి పని వైద్య పరీక్ష. పౌర విమానాల దారిలో ముందు క్లాస్ 2, తరువాత క్లాస్ 1 అని రెండు దశలుంటాయి. డైరెక్టరేట్ ఆమోదించిన డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి. కళ్లద్దాలుంటే పౌర విమానాల్లో దారి మూసుకుపోదు, అద్దాలతో చూపు సరిగా ఉంటే చాలు. రంగులు గుర్తుపట్టలేకపోవడం మాత్రం పెద్ద అడ్డంకి. చాలామందికి ఆ లోపం ఉన్నట్టు తమకే తెలియదు. వాయుసేనలో కొలతలు ఇంకా కచ్చితం. పైలట్‌కు మామూలుగా కనీసం 162.5 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. కాలి పొడవు 99 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య, కూర్చున్న ఎత్తు 81.5 నుంచి 96 మధ్య, తొడ పొడవు 64 మించకుండా ఉండాలి. కాక్‌పిట్‌లో కాళ్లు పెడళ్లకు అందాలి, ఆపదలో సీటుతో సహా బయటికి ఎగిరినప్పుడు మోకాళ్లు తగలకూడదు. ఈ కొలతల వెనక ఉన్న కారణం అదే. ఇంట్లో టేపు పెట్టి కొలుచుకోవచ్చు, తేడా అనిపిస్తే డాక్టరును అడగవచ్చు. పదుల లక్షలు ఖర్చయ్యే చదువు ఇది. భూమి అమ్మో, అప్పు చేసో ఫీజు కట్టిన తరువాత కన్ను సరిలేదని తెలిస్తే ఆ ఇంటికి కలిగే బాధ చెప్పనలవి కాదు. ముందు వైద్య పరీక్ష, తరువాత ఆప్టిట్యూడ్, ఆ తరువాతే ఫీజు. ఈ వరస తప్పకండి. సీటు ఖాయం, ఉద్యోగం ఖాయం అని చెప్పి తొందరపెట్టేవాళ్లు వచ్చినప్పుడు మరింత గట్టిగా ఈ వరసకే కట్టుబడండి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఇంకో మాట. 1947లో లైసెన్సు తెచ్చుకున్న ప్రేమ్ మాథుర్‌కు ఆడమనిషి అన్న కారణంతో ఎన్నో కంపెనీలు ఉద్యోగం ఇవ్వలేదు. చివరికి ఆమెను తీసుకున్నది హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్. తెలుగు నేల మీదనే ఆ తలుపు తెరుచుకుంది. 2016 జూన్‌లో హైదరాబాదు పక్కన దుండిగల్ వాయుసేన అకాడమీలో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశంలో తొలి మహిళా యుద్ధ విమాన పైలట్లుగా బయటికొచ్చారు. 2021 నుంచి ఎన్.డి.ఎ. పరీక్ష ఆడపిల్లలూ రాస్తున్నారు. మన పక్కనే కలికిరిలో సైనిక పాఠశాల ఉంది, సైనిక పాఠశాలల్లో ఇప్పుడు ఆడపిల్లలకూ ప్రవేశం ఉంది. ఆప్టిట్యూడ్ యంత్రం ముందు కూర్చున్నది అబ్బాయా అమ్మాయా అన్నది దానికి తెలియదు. చుక్క మధ్యలో నిలబడిందా లేదా అన్నదే దానికి కావాలి.

పరీక్ష రోజు ఎట్లా ఉండాలి? మైసూరుకు ఒకరోజు ముందే చేరుకోండి. రాత్రంతా రైల్లో నిలబడి పొద్దున్నే పరీక్షకు కూర్చుంటే నెలల సాధన నిద్రలేమికి బలైపోతుంది. నిద్ర తక్కువైనప్పుడు మొదట దెబ్బ తినేది ధ్యాసే, పరీక్ష కొలిచేదీ దాన్నే. ముందు రోజు కొత్తగా ఏదీ చదవకండి. ప్రతి భాగానికి ముందు సూచనలు ఇస్తారు, చాలాచోట్ల అలవాటు పడడానికి కొంచెం సమయమూ ఇస్తారు. సూచనల్ని చివరి మాట వరకు వినండి. అర్థం కాకపోతే అడగండి, అడగడం తప్పు కాదు. మీకు అలవాటైన ఆటలో స్టిక్ ఒక వైపు పనిచేస్తే, అక్కడ ఇంకో వైపు పనిచేయవచ్చు. ఒక తప్పు జరిగితే అక్కడే ఆగి బాధపడకండి. జరిగినదాని గురించి ఆలోచించే క్షణంలో ఎదురుగా ఇంకోటి జరిగిపోతుంది. తప్పు జరిగిన తరువాత ఎంత త్వరగా తేరుకుంటారన్నది కూడా ఈ పరీక్షలో ఒక భాగమే అనుకోండి.

అన్నీ చేసినా కొందరు తప్పుతారు. ఆ మాట దాచిపెట్టి మీకు ఆశలు కల్పించడం నాకు ఇష్టం లేదు. తప్పినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. 1958లో అబ్దుల్ కలాం గారు డెహ్రాడూన్‌లో వాయుసేన ఎంపికకు పోయారు. 25 మందిలో తొమ్మిదో స్థానం వచ్చింది. ఉన్న ఖాళీలు ఎనిమిది. ఆయన పైలట్ కాలేకపోయారు. ఆ తరువాత బెంగళూరులో ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో చేరి, నేలకు కొంచెం ఎత్తున గాలి మీద తేలుతూ పోయే హోవర్‌క్రాఫ్ట్‌ను తయారుచేశారు. దానికి నంది అని పేరు పెట్టారు. ఇందాక పైలట్ ఎంపిక యంత్రాన్ని తయారు చేసిందని చెప్పుకున్న ప్రయోగశాల అదే. ఆయన తరువాత ఏం చేశారో మీకు తెలుసు. 2006 జూన్‌లో రాష్ట్రపతిగా పూణేలో సుఖోయ్ యుద్ధ విమానంలో ఎగిరినప్పుడు ఆయన వయసు 74 ఏళ్లు. పైలట్ సీటు దొరకనివాళ్లకు విమానాల లోకంలో ఇంకా ఎంతో పని ఉంది. విమానాశ్రయాల్లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఉంది. విమానాల మరమ్మతు ఇంజనీర్ల వృత్తి ఉంది. వాతావరణ శాఖ ఉంది. వాయుసేనలోనే సాంకేతిక శాఖ, గ్రౌండ్ డ్యూటీ శాఖలున్నాయి. ఈ పరీక్ష కోసం పెంచుకున్న ధ్యాస, లెక్క, చెవి ఆ పనులన్నిటికీ పనికొస్తాయి, ఒక్క నిమిషం కూడా వృథా పోదు.

కాబట్టి పిల్లలూ, ఈ ప్రసంగం విన్న తరువాత ఈ వారంలోనే మూడు పనులు మొదలుపెట్టండి. కళ్ల డాక్టరు దగ్గరికి పోయి చూపుతోపాటు రంగుల పరీక్ష కూడా చేయించుకోండి. మన మూడు ఊళ్ల మ్యాపు గోడకు అంటించి, రోజుకు ఐదు లెక్కలు నోటితో చేయండి. ఇంగ్లిషు వార్తల్లో అంకెలు రాసుకోవడం మొదలుపెట్టండి. ఆరు నెలలు మానకుండా చేస్తే, మైసూరులో ఆ తెర ముందు కూర్చున్న రోజు మీకు కొత్తగా అనిపించేది కుర్చీ ఒక్కటే. ఒక్కసారే వచ్చే అవకాశానికి పూర్తిగా తయారై పోండి. మీ అందరికీ విజయం కలగాలని మనసారా కోరుకుంటున్నాను.